నాన్నగారికి వినపడని చప్పుడు

మా నాన్నగారు కొత్తపేటలో నలభై ఏళ్లు కార్ల షెడ్డు నడిపారు. బండి గేటు ముందు ఆగకముందే, లోపల కూర్చునే చప్పుడు విని దాని రోగం చెప్పేసేవారు.

కిందటి వేసవిలో నేను సెకండ్ హ్యాండ్‌లో టర్బో ఇంజన్ ఉన్న కారు కొన్నాను. ఒకసారి వచ్చి ఇంజన్ వినమని నాన్నగారిని బతిమాలితే, ఓపిక లేదని రాలేదు.

రెండు వారాల తర్వాత, ఆదివారం ఆరాధన అయ్యాక రాజమండ్రి బయల్దేరాం. ముందు సీట్లో నాన్నగారు, వెనక అమ్మ, నా భార్య. దారిలో మామూలు పెట్రోలు కొట్టించాను. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కుతుంటే, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఇంజన్‌లో చప్పుడు మొదలైంది.

"ఏంటండీ అది?" అంది నా భార్య.

నాన్నగారు గోదావరి లంకల వైపు చూస్తూ కూర్చున్నారు. ఏమైనా అంటారేమోనని చూశాను. చివరికి భుజం తట్టాను. ఉలిక్కిపడ్డారు.

"ఇంజన్ కొడుతోందండీ. వినపడటం లేదా?" అని గట్టిగా అడిగాను.

ఆయన ముఖం వాడిపోయింది. అరచెయ్యి డాష్‌బోర్డుకి ఆనించి కళ్లు మూసుకున్నారు.

"ఎత్తెక్కుతుంటేనే కొడుతోందా?"

"ఆయ్, అవునండీ."

"గేరు దించు. ఎక్కువ నొక్కకు. వంతెన దిగేక ఆపు."

ఆపాను. పెట్రోలు మూత తీసి, లోపల ఏం రాసుందో చదవమన్నారు. తొంభై ఐదు ఆక్టేన్, అంతకు పైన ఉన్న పెట్రోలే పోయాలని ఉంది.

"ఈ ఇంజన్‌లో ఒత్తిడెక్కువరా. మామూలు పెట్రోలు ఆక్టేన్ తొంభై ఒకటే, ఆ ఒత్తిడి తట్టుకోలేక ముందే అంటుకుపోద్ది. ఇలాగే తోలితే పిస్టన్లు పోతాయి. కొన్నప్పుడు మూతైనా తీసి చూడలేదేంట్రా?"

మూత బిగించి వచ్చి కూర్చున్నాను. అమ్మ వెనకనుంచి మెల్లగా అంది: "రెండేళ్లయిందిరా వినపడక. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

రాజమండ్రి నుంచి నెమ్మదిగా తిరిగొచ్చాం. ఆ టాంకు అయిపోయాక తొంభై ఐదు ఆక్టేన్ పెట్రోలు పోయించి, ఆయన్ని ఎక్కించుకుని మళ్లీ అదే వంతెన ఎక్కాను.

"ఆగిందా?" అన్నారు, నా పెదవుల వైపు చూస్తూ.

"ఆగిందండీ."

తలూపి అద్దంలోంచి బయటికి చూశారు.

ఆ వారంలోనే ఎప్పట్నుంచో వచ్చే ఒకాయన షెడ్డుకి కారు తెచ్చి, ఏదో చప్పుడొస్తోంది చూడమన్నాడు. నాన్నగారు బానెట్ ఎత్తి, ఇంజన్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

"ఒంట్లో బాగోలేదు బాబూ. ఇంకెక్కడైనా చూపించుకోండి," అన్నారు.

కారు వెళ్లిపోయాక షట్టర్ దించేశారు. మళ్లీ ఎత్తలేదు.