గోడ మీద గీతలు, నా కుడి భుజం

కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవని ఆ ఏడాది నన్ను అన్నిటికంటే బాధపెట్టింది నొప్పి కాదు, జుట్టు. రెండు చేతులూ తల వెనక్కి వెళ్తేగాని ముడి పడదు. అందుకని రోజూ పొద్దున్నే చిన్నపిల్లలాగా కోడలి ముందు పీట మీద కూర్చోవలసి వచ్చేది. యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆ కోడలే. ఆ గౌరవం ఎప్పుడూ ఉంది. అయినా నా తల ఇంకొకరి చేతిలో ఉండడం నాకు పడదు.

"కదలకండత్తా. మీ జుట్టు నానేటి ఎత్తుకుపోతానా?" అనేది.

"ఎత్తుకుపో, కానీ అలాగ పీకకు" అనేదాన్ని.

నా ముడి నేనే వేసుకోవాలి. ఆ ఏడాదంతా నాకున్న పట్టుదల అదొక్కటే.

నాలాగ షుగరున్నవాళ్లకు భుజం ఇలా బిగుసుకుపోవడం మామూలేనట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా రైల్వే వర్క్‌షాపు పని. మా ఆయన పోయాక ఖలాసీగా చేరి, వ్యాగన్ల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తుప్పు పట్టిన నట్టు కదలకపోతే కిరసనాయిలు పోస్తాం, వేడి పెడతాం, అప్పటికీ వినకపోతే సుత్తి తీస్తాం. భుజానికీ అదే వైద్యం చేశాను. ఆవనూనె కాచి రాయించుకున్నాను. మాలిష్ చేసే ఒకాయనను పిలిపించి చెయ్యి లాగమన్నాను. ఆయన లాగాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల వరుసంతా వినేలా అరిచాను. తెల్లారి చూస్తే అంతకుముందు లేచినంత కూడా లేవలేదు.

అప్పుడు కోడలు నన్ను ఆటో ఎక్కించి మలంచా పేటలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లింది. బెంగాలీ పిల్ల. తెలుగువాళ్ల పక్కింట్లో పెరిగింది కాబట్టి మన మాటే మాట్లాడేది, నన్ను మాత్రం వాళ్ల భాషలో పిన్నీ అన్నట్టు మాసీ అని పిలిచేది. రెండు ప్లాస్టిక్ పట్టీలు కలిపిన కొలబద్దను భుజానికి ఆనించి, చెయ్యి ఎంత లేస్తుందో చూసింది.

"ఎవులు లాగినారు మాసీ దీన్ని?"

"నేనే లాగించినాను. నట్టు బిగుసుకుంటే మేమలాగే సేస్తాం."

"ఇది నట్టు కాదు. జోర్ సేస్తే ఇంకా బిగుసుకుంటాది. కొంచెం లాగినట్టయితే ఆపీయాలి, అంతే."

ముందుకు వంగి చెయ్యి వదులుగా ఊపమంది. గోడ పక్కన నిలబడి వేళ్లను చీమల్లాగా మెల్లగా పైకి నడిపించమంది. ఎక్కడ ఆగితే అక్కడ సుద్దతో గీత గీసి, వారానికొకసారి ఎంత ఎక్కిందో చూసుకోమంది.

సుద్ద గీత అంటే నాకు ప్రాణం లేచివచ్చింది. నెల తిరిగేసరికి గీత జానెడు పైకెక్కింది. కోడలు ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. ఆ ధీమాతో మలంచా వెళ్తే ఆ అమ్మాయి మళ్లీ కొలిచి, పెదవి విరిచింది.

"ఏటీ కదల్లేదు మాసీ."

"జానెడు ఎక్కింది! మా ఇంటికొచ్చి సూసుకో."

"ఇక్కడే సూపించండి, ఏదీ."

వాళ్ల గోడ మీద వేళ్లు నడిపించాను. ఆమె నా చేతిని చూడలేదు, కిందకు వంగి కాళ్లు చూసింది. నా మడమలు నేల మీద లేవు. నడుము ఒక పక్కకు ఒరిగింది. భుజం చెవికి తగులుతోంది.

"గోడెక్కింది మీ మడమలు మాసీ, మీ సెయ్యి కాదు!"

కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మోసం చెయ్యాలని చెయ్యలేదు. మేస్త్రి సుద్దతో గీత గీస్తే, పని ఆ గీతకు చేర్చి ఇంటికెళ్లడం ఇరవై ఏళ్ల అలవాటు. గీతనే చూశాను, చేతిని చూడలేదు.

ఇంటికి రాగానే తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాను.

"ఉంచండత్తా, అదీ మీ కష్టమే కదా" అంది కోడలు.

"అబద్ధం గీతలు నాకెందుకు? స్టూలు తే."

స్టూలు మీద కూర్చుంటే మడమలు లేపినా లాభం లేదు. భుజం ఎగరకుండా కోడలిని పైనుంచి అదిమి పట్టుకోమన్నాను. అలా గీసిన గీత చూస్తే సిగ్గేసింది, అంత కిందుంది. అక్కడినుంచే మొదలుపెట్టాను. వేన్నీళ్ల సంచితో కాపడం, రోజుకు నాలుగుసార్లు గోడ. కొన్ని వారాలు వేలి వెడల్పు ఎక్కేది, కొన్ని వారాలు ఏమీ లేదు. నొప్పి ఓర్చుకోవడం నాకొక లెక్క కాదు. లాగిన చోట ఆగడమే కష్టం. ఇంకొంచెం తోస్తే పోలా అని చెయ్యి తొందరపడేది. ఆగాను. చలికాలం పోయి ఎండలు ముదిరాయి.

ఒక ఆదివారం కోడలు దువ్వెన పట్టుకుని వచ్చేసరికి నేను పీట మీద లేను. అద్దం ముందు నిలబడి ఉన్నాను. కుడి చెయ్యి తల వెనక్కి వెళ్లి ఎడమ చేతిని అందుకుంది. ముడి వేసేసరికి చెమట కారింది.

"అత్తా, వంకరగా ఉంది. సరిసేస్తానుండండి."

"సెయ్యి తియ్యి" అన్నాను.

చర్చికి అలాగే వెళ్లాను. సగం దారిలో ముడి వదులైంది. కోడలు నా పక్కనే నడుస్తోంది. వీధి మధ్యలో ఆగాను. వెనకనుంచి సైకిళ్లు బెల్లు కొడుతుంటే కొట్టుకోనిచ్చి, రెండు చేతులూ పైకెత్తి మళ్లీ కట్టుకున్నాను.