సెకండ్‌ల వస్త

సారక్క ఫోన్ చేసినప్పుడు సాయమ్మ స్నానం చేస్తోంది. ఫోన్ ఎత్తిన కొత్త కోడలు వైశాలి బయటి నుంచే కేకేసింది.

"అత్తమ్మా, సారక్క పెద్దమ్మ ఇప్పుడే వస్తదంట!"

సాయమ్మ తల తుడుచుకోకుండానే వంటింట్లోకి ఉరికింది. ఉరకదా మరి! మంచిర్యాల వైపు నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో, భద్రావతి దగ్గరి బొగ్గుగని కాలనీలో మరాఠీ ముక్క రాక బిత్తరపోతుంటే, పక్క క్వార్టర్ సారక్కే చెయ్యి పట్టుకుని బజారు చూపించింది. పురుడూ పోసింది. మొగుడు రిటైరయ్యాక సాయమ్మ చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకుని వచ్చేసింది. సారక్క కాలనీలోనే ఉండిపోయింది. ఇప్పుడు కొడుకు వెంట నాగపూర్ వెళ్లిపోతోంది, ఈ సాయంత్రం బండికే. మళ్లీ ఈ వైపు రావడమంటూ ఉండదు.

సారక్కకు ఇష్టమని సర్వపిండి కాల్చింది. అది చల్లారింది. అన్నం వేళ దాటింది. సారక్క జాడ లేదు.

"ఫోన్ చెయ్యరాదు అత్తమ్మా?"

"నేనెందుకు చెయ్యాలె? రావాలనుంటే ఆమెనే వస్తది."

అభిమానం అలా మాట్లాడించింది గానీ, సాయమ్మ కళ్లు గేటు మీదే ఉన్నాయి. చూడకుండానే పోతుందేమోనన్న దిగులు పట్టుకుంది.

"ఇంతకు ఏమన్నదే? ఆమె అన్న మాటే జెప్పు."

"సెకండ్‌ల వస్త అన్నది. గంతే."

సాయమ్మ పక్కున నవ్వేసింది. జివతి కొండల్లో పత్తి చేల మధ్య, గని ఎరగకుండా పెరిగిన కోడలికి సెకండంటే రెప్పపాటే కదా!

"పిచ్చిదానా, సెకండంటే సెకండ్ షిఫ్టు! నాలుగింటికి మొగోళ్లు అన్నం డబ్బా పట్టుకొని గనికి పోయినంక మేం గడపల కూసునేటోళ్లం. నాలుగు గొట్టంగనే వస్తది చూడు."

చెబుతుంటేనే కళ్లు తడిశాయి. ఆ గడపలో తలలు దువ్వుకున్న సాయంత్రాలే తన వయసంతా. ఎంత బాగుండేది!

నాలుగు దాటగానే ఆటో ఆగింది. చల్లారిన సర్వపిండే సారక్క ఇష్టంగా తిన్నది. వెళ్లేటప్పుడు ఇద్దరూ చేతులు వదల్లేదు.

"నాగపూర్‌ల ఎవ్వలకు సమజైతదే మన సెకండు?" అంది సారక్క ఆటో ఎక్కుతూ.

సాయమ్మ ఆమె కొంగు ఆటోలోకి సర్దింది.

ఆటో మలుపు తిరిగిపోయింది. సాయమ్మ మాత్రం గేటు దగ్గరే నిలబడిపోయింది.

"లోపటికి రా అత్తమ్మా."

"ఒక్క సెకండ్."

వైశాలి ఈసారి తొందరపెట్టలేదు. లోపలికి వెళ్లి, కుర్చీ తెచ్చి అత్త పక్కన వేసింది.