ఫ్లాస్కులో జొన్న అంబలి

నా భార్య సుశీల నెలన్నర కిందట విషజ్వరం నుంచి బయటపడింది. జ్వరం పోతూ పోతూ ఆమె ఆకలిని కూడా వెంటబెట్టుకుపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చునేది, మింగేది కాదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "తిండి లోపలికి పోకపోతే మళ్ళీ మంచం పడతారు. ఈసారి లేవడం కష్టం" అన్నాడు. ఆయన మందుల చీటీ రాసే తీరు మీద నాకు అనుమానమే గాని, ఈ మాట మాత్రం నమ్మాను.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున దుప్పట్లోంచి సుశీల గొంతు వినిపించింది. "ముత్తమ్మ అంబలి ఉంటే తాగేదాన్ని."

ముత్తమ్మ ఎవరు? ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ పేరు నేను వినలేదు. పెళ్ళికి ముందు సుశీల భద్రాచలం అవతల అడవిలో మూడేళ్ళు నర్సు ఉద్యోగం చేసిందని తెలుసు. అక్కడి కోయగూడెంలో చలికాలం పొద్దున్నే వేడి అంబలి పోసిన మనిషట. నేను బజారు నుంచి జొన్నపిండి తెచ్చి కాచాను. సుశీల ఒక చెంచా నాలుక మీద వేసుకుని, "మందులా ఉంది" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

నా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఖమ్మం మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు తేమ చూశాను. బస్తా మూతి విప్పగానే చేయి మోచేతి దాకా దూర్చి, అడుగున నీళ్ళు చల్లారేమోనని చూడటం నా పని. శాంపిలుకి గుప్పెడు తీసుకోవడానికి ఎవర్నీ అడిగేవాళ్ళం కాదు. రిటైరయినా ఆ చెయ్యి ఊరుకోదు. కిరాణా కొట్లో కందిపప్పు సంచిలోకి, పక్కింటివాళ్ళు ఎండబోసిన వడియాల్లోకి దానంతట అదే పోతుంది. "దేవుడు ప్రసాదం పెట్టినా చిదిమి చూస్తారు మీరు" అంటుంది సుశీల.

అంబలి సంగతి నేనే స్వయంగా తేల్చుకుందామని బయల్దేరాను. సుశీల దగ్గర మా మరదలు పద్మను ఉంచి, స్టీలు ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, మధిరలో ఉదయం ఆరుంపావు ప్యాసింజరెక్కాను. వెళ్ళదలచినవాళ్ళు చెవులకు మఫ్లరు మరవకండి, రైలు కిటికీ రెక్కలు ఒక్కటీ పూర్తిగా దిగవు. ఖమ్మం స్టేషను బయట చాయ్ తాగాను. రంగు మరీ ఎర్రగా ఉంటే, "ఏం పొడి కలుపుతున్నావయ్యా?" అని అడిగాను. "చాయ్‌పత్తే సార్, ఇంకేం కలుపుత?" అన్నాడు. నేను నమ్మలేదు. కాని ఆ చలిలో గ్లాసు వదల్లేకపోయాను.

ఎనిమిదిన్నరకి భద్రాచలం బస్సు దొరికింది. ఛార్జీ రాయను, మీరు వెళ్ళేసరికి అది ఉండదు. నా పక్క సీట్లో పాల్వంచకు పోయే ఒకామె ఒళ్ళో ఉడకబెట్టిన పల్లికాయలు పెట్టుకుని కూర్చుంది. పొగలు కక్కుతున్నాయి. నాలుగు నా వైపు జరిపితే వద్దన్నాను. బస్సుల్లో మత్తుమందు పెట్టి దోచుకునేవాళ్ళ కథలు మనం వినలేదా! ఆమె నా ముఖం చూసి నవ్వేసింది.

"బిస్కెట్లల్ల మందు కలుపుతరంటే ఇన్న గని, పొట్టు ఇప్పని పల్లికాయల ఎట్ల కలుపుతరన్నా?"

నిజమే గదా అనిపించింది. అప్పటికి పల్లికాయలు అయిపోయాయి.

గోదావరి వంతెన దాటేసరికి పన్నెండున్నర. గుడి దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి విప్పి దులిపి, మళ్ళీ దులిపి, చివరికి నా సొంత శాలువా కప్పుకుని పడుకున్నాను. వేడినీళ్ళు సాయంత్రం ఏడింటి దాకానే వస్తాయని బోర్డు పెట్టారు. అవి ఆరింటికే ఆగిపోతాయని నేను ముందే ఊహించాను, అలాగే అయింది.

మర్నాడు ఆరింటికి ఆటో మాట్లాడుకుని చర్ల రోడ్డు పట్టుకున్నాను. అడవి మొదలయ్యాక పొగమంచులో పది గజాల అవతల ఏమీ కనిపించలేదు. గూడెం పేరు చెబితే ఆటో డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం పని మీద సార్? సర్వే గిట్ల చేయనీకొచ్చిండ్రా?"

"కాదు. అంబలి కోసం."

"అంబలికా!" అని, మిగతా దారంతా అద్దంలోంచి నా సంచినే చూస్తూ నడిపాడు. నన్ను అనుమానిస్తున్నాడని అర్థమైంది. అనుమానపడటం నాకు అలవాటే గాని, ఒకరు నన్ను అనుమానించడం కొత్త. ఒళ్ళు మండింది.

ఏడుంపావుకి దిగాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో తర్వాత చెబుతాను. ముత్తమ్మ ఇల్లు అడిగితే చెప్పారు. తడిక కంచె, దాని మీద నుంచి ఇంటి చూరు దాకా పాకిన చిక్కుడు పాదు. డెబ్బై ఏళ్ళ మనిషి వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"అమ్మా, నేను సుశీల భర్తను. ఇక్కడ నర్సుగా చేసింది, గుర్తుందా?"

"ఏ సుశీల?"

"చాలా ఏళ్ళ కింద. మూడేళ్ళు ఉంది."

"సిస్టరమ్మనా?" అంటూ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "గట్లనే చెప్పి మొన్నొకడొచ్చిండు, ఎవల్దో పేరు చెప్పి, భూమి కాయితాలు చూపియ్యమన్నడు. సిస్టరమ్మ మొగునివంటే నమ్మేదెట్ల? చెప్పు సూద్దాం, ఆమె ఏదన్న తాగేముందు ఏం జేస్తది?"

ముప్పై ఏళ్ళు బస్తాలను పరీక్షించినవాణ్ణి, నన్ను ఒక బస్తాను చేసి నిలబెట్టింది! కాని జవాబు నాకు తెలుసు.

"మొదటి చుక్క కింద వేస్తుంది. చాయైనా, మజ్జిగైనా. ముప్పై మూడేళ్ళుగా ఆ మరకలు నేనే తుడుస్తున్నాను."

ముత్తమ్మ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "అవ్, సిస్టరమ్మనే! నేలతల్లికి పెట్టందే తాగొద్దని నేనే జెప్పిన. ఇంక యాది వెట్టుకున్నదా!" అని పక్కనున్న పీట నా వైపు తోసింది. "నేను గామెకు అక్క లెక్క. గట్లయితే నువ్వు నాకు మరిదివి. కూసో."

సుశీల జబ్బు సంగతి చెప్పాను. డాక్టరు నాతో విడిగా అన్న మాట కూడా చెప్పాను. అది అప్పటిదాకా ఎవరికీ, మా మరదలికి కూడా చెప్పలేదు. పొగ కళ్ళలోకి పోయిందని ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె పొయ్యి ఎగదోసింది.

అంబలి ఎలా కాస్తుందో దగ్గరుండి చూశాను, మీరూ రాసుకోండి. రాత్రే జొన్న నూకలు కుండలో నానబోసి ఉంచింది. పొద్దుటికి ఆ నీళ్ళు కొద్దిగా పులిసి వాసన వచ్చాయి. కుండ అలాగే పొయ్యి మీద పెట్టి, సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూనే ఉంది. బజారు పిండితో నేను చేసిన పొరపాటు నాకు తెలిసిపోయింది. నేను పులియబెట్టలేదు, ఓపిగ్గా తిప్పనూ లేదు. ఆమె అటు తిరిగినప్పుడు నూకల డబ్బాలో నా చెయ్యి దూరింది. అడుగు దాకా పొడిగా ఉన్నాయి, రాయి లేదు, పురుగు లేదు. కొంచెం నిరాశపడ్డాననే చెప్పాలి.

దొప్పలో పోసి, పక్కన ఇంత చింతకాయ తొక్కు పెట్టింది. నేను మొదటి చుక్క కింద వేశాను. మొహమాటానికే వేశాను. రెండో గుక్క గొంతు దిగేసరికి చలి భుజాల మీద నుంచి జారిపోయింది. పులుపు నాలుకని లేపింది, తొక్కు కారం చెవుల్ని వెచ్చబరిచింది. నెలన్నరగా సుశీలకి తినిపించడమే గాని నేనూ సరిగా తినలేదని అప్పుడు తెలిసింది. మూడు దొప్పలు తాగాను. ఇందులో తప్పేముందా అని వెతికాను, దొరకలేదు.

"సుశీలకి చిక్కుడు గింజల కూరంటే ప్రాణం. నాలుగు కాయలిస్తే పట్టుకెళ్తాను" అన్నాను.

"చిక్కుళ్ళు లేవు" అంది ముత్తమ్మ.

లేవా! నా తల మీద పాదు విరగకాసి వేలాడుతోంది. గింజ పట్టి ఉబ్బిన కాయలు, గుత్తులు గుత్తులు. అంబలి పోసిన మనిషి నాలుగు కాయలకు అబద్ధమాడుతుందా? అమ్ముకోవడానికి దాచిందా? పాదుకి ఏదైనా మందు కొట్టి, చెప్పడానికి జంకుతోందా? వెచ్చబడిన కడుపులో పాత అనుమానం మళ్ళీ లేచి కూర్చుంది.

ఆమె నా ఫ్లాస్కు కడగడానికి తీసుకుని లోపలికి వెళ్ళింది. నా చెయ్యి పాదు మీదికి పోయింది. శాంపిలుకి అనుకున్నాను. నాలుగు కాయలు తెంపి చొక్కా జేబులో వేసుకున్నాను.

ముత్తమ్మ ఫ్లాస్కుతో బయటికి వచ్చి, నన్ను చూసి, తర్వాత పాదు చూసింది. మెల్లగా దగ్గరికి పోయి ఒక తొడిమని వేలితో తాకింది.

"తడి ఆరలే. ఇప్పుడే తెంపిండ్రు" అంది.

నా జీవితమంతా తేమ చూసినవాణ్ణి, ఆ వేలి ముందు దొరికిపోయాను. జేబులోంచి నాలుగు కాయలూ తీసి ఆమె చేతిలో పెట్టాను. "తప్పయింది. ఉన్నవాటిని లేవన్నావని..."

"మా చిక్కుడు పండుగ ఇంక గాలే, మరిదీ. పండుగ జేసి వేల్పుకు వెట్టిందాక ఊళ్ళె ఎవ్వరు ముట్టరు. పండుగ గాకముందు అయి మావి గావు. మావి గాని దాన్ని ఉన్నదని ఎట్ల జెప్పాలె?"

సిగ్గుతో చచ్చిపోయాను. చిక్కుళ్ళు దాచిందనుకున్న మనిషి తన ఇంటి ముందున్న కాయని తానే ముట్టకుండా ఇన్నాళ్ళూ కూర్చుంది. కేకలేస్తుందనుకున్నాను. ఆమె కాయల్ని చూరు కింద వాసాల సందులో దోపి, వెనక్కి తిరిగి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

"మొగుడు పెండ్లాలు ఒక్క తీరే ఉన్నరు గదా! సిస్టరమ్మ గూడ వచ్చిన ఏడే తెంపింది."

"సుశీలా?"

"చెప్పలేదా నీకు? పెద్దమనుషులు కూసున్నరు. తెల్వక జేసిందని తప్పు ఏసిండ్రు. పండుగ నాడు ఊరందరికి తనే అంబలి కాసి పొయ్యాలె అని. పొద్దుందాక ఏడ్సుకుంట తిప్పింది పాపం! అంబలి కాసుడు గట్లనే నేర్సింది నా దగ్గర."

"మరి నా తప్పు?"

ముత్తమ్మ ఫ్లాస్కు నిండా అంబలి పోసి, మూత గట్టిగా బిగించి నా చేతికిచ్చింది. "మళ్ళ ఏడు పండుగకు నువ్వే కాయాలె. సిస్టరమ్మ కూసోని సూడాలె. ఆమె లేకుంట ఒక్కనివొస్తే ఊళ్ళెకు రానియ్య."

ఏడాది తర్వాత సుశీల ఉంటుందని నెలన్నరగా నాతో అంత గట్టిగా ఎవరూ అనలేదు. "తీసుకొస్తా వదినా" అన్నాను. బయల్దేరబోతే ఇంకో మాట చెప్పింది. "ఊరు పేరు యాడ రాయకు. రాస్తె మంది ఒస్తరు, అందరికి చేతులు ఊకుండవు." అందుకే రాయలేదు.

పదకొండున్నరకి భద్రాచలం బస్టాండు చేరాక సిగ్నలు వచ్చింది. సుశీలకి ఫోను చేశాను. హలో కూడా అనలేదు.

"చిక్కుడు పాదు మీద చెయ్యి వేశారా?"

"లేదు" అన్నాను.

"ఎన్ని తెంపారు?"

"నాలుగు."

అప్పుడు నవ్వింది. నెలన్నర తర్వాత నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వి, "నేను రెండే తెంపాను" అంది.

ఖమ్మం బస్సులో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అరగంటకోసారి మూత మీద అరచెయ్యి పెట్టి వేడి చూస్తుంటే పక్కనున్నాయన మెల్లగా దూరం జరిగాడు. "అందులో ఏముందండీ?" అన్నాడు. "జొన్న అంబలి" అన్నాను. నమ్మలేదు. అతన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. ఖమ్మంలో నాలుగింటికి దిగి, ఐదింటికి మధిర రైలెక్కాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. చలికాలంలో ఎవరైనా వేడిగా ఏదైనా పోస్తే ముందు తాగండి, తర్వాత కావలిస్తే అనుమానపడండి. నేను అనుమానం మానేశానని చెప్పను. సగం దారిలో మూత తీసి, అంబలి విరిగిందేమోనని వాసన చూశాను కూడా.

మధిర ఇంకో రెండు స్టేషన్లుందనగా పద్మ ఫోను చేసింది. ఫ్లాస్కుని ఒళ్ళోకి గట్టిగా అదుముకుని ఫోను ఎత్తాను.

"ఎక్కడిదాకా వచ్చారు బావా? అక్క గ్లాసు పట్టుకుని వాకిట్లో కూర్చుంది. చలిగా ఉంది, లోపలికి రమ్మంటే రాదు. మొదటి చుక్క ఇక్కడే వెయ్యాలట."