చివరి పదిహేను నిమిషాలు

ఈ వేసవిలో నేను జాంబీల సీరియల్ చూశాను. చచ్చినవాళ్లు లేచి తిరుగుతూ బతికినవాళ్లను కరిచే కథ, తెలుగులోకి డబ్బింగ్ చేసింది. డెబ్భై నాలుగేళ్ల మనిషికి ఇదేం పిచ్చని మా అమ్మాయి ఫోన్లో విసుక్కుంది. నాకు ఆ అలవాటు చేసింది మా కింది వాటాలో అద్దెకుండే నర్సు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆమెకు రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, మంచం పట్టిన తల్లికి స్నానం చేయించి, బట్టలు ఉతికి, కాస్త నిద్రపోయి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. మా ఇంట్లో వైఫై ఉంది, కూలర్ ఉంది.

ఆ కథలో బతికినవాళ్లంతా ఒక పెద్ద గోడ లోపల చేరతారు. వాళ్లకొక నాయకుడు. గోడ కట్టించింది అతనే, తిండి దొరికే దారి చూపించిందీ అతనే. గోదాం దగ్గర ఒక ముసలామె కూర్చుని అందరికీ బియ్యం కొలిచి పోస్తుంది. నేను ముప్పై రెండేళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో చేసినదాన్ని, చూస్తూ ఊరుకోలేను. అన్ని బస్తాలతో అంతమంది ఆర్నెల్లు ఎలా తింటారని అడిగాను.

"సచ్చినోళ్లు లేసి నడుస్తుంటే నమ్మినవ్ గని, బియ్యం లెక్క నమ్మవా అమ్మా?" అంది నర్సు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

మా అపార్ట్‌మెంట్ దిల్‌సుఖ్‌నగర్ వెనక, గడ్డిఅన్నారం వైపు సందులో. పన్నెండు వాటాలు. తొమ్మిదింటిలో ఓనర్లే ఉంటారు, మూడింటిలో అద్దెవాళ్లు. బోరు ఎండిపోయాక ట్యాంకర్ నీళ్లే గతి. పైన ట్యాంకు నుంచి ఒక్కో వాటాకి ఒక్కో వాల్వు, తలా పదిహేను నిమిషాలు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో నేను రాసి లిఫ్టు పక్కన అంటిస్తే, వాచ్‌మన్ దాని ప్రకారం తిప్పేవాడు.

అసోసియేషన్ ప్రెసిడెంటు చెడ్డవాడని అనలేను. పక్క సందులకి రాని ట్యాంకర్‌ను మా సందుకి రప్పించింది ఆయనే. నాకు కళ్లు తిరిగి పడిపోతే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లిందీ ఆయనే. ఏప్రిల్ మీటింగులో, ముందు ఓనర్లకి, తర్వాత అద్దెవాళ్లకి నీళ్లు వదులుదామన్నాడు. మా మీటింగుల్లో చేతులెత్తడాలు ఉండవు. అభ్యంతరం ఉంటే చెప్పండి అంటారు, ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఆ రోజు కూడా ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చి వరస మార్చి రాశాను.

కాగితం మీద నర్సుకూ అందరిలాగే పదిహేను నిమిషాలు ఉన్నాయి. వరసలో ఆమె ఆఖరు. ట్యాంకు నిండినా నీళ్లు రెండున్నర గంటలు కూడా రావని నాకు తెలుసు. పన్నెండు వాటాలకి మూడు గంటలు కావాలి. ఆమె వంతు వచ్చేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. డ్యూటీ నుంచి వస్తూ రెండు క్యాన్లతో నీళ్లు మోసుకొచ్చేది. అవి తల్లి బట్టలకే చాలవు. ఇలాగే ఉంటే అమ్మను అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి పంపేస్తానంది. అక్కడ నీళ్లున్నాయి గాని పొద్దంతా చూసే మనిషి లేదు.

ఒక మధ్యాహ్నం సీరియల్లో నాయకుడు, తనకు ఎదురు మాట్లాడినవాళ్లను బియ్యం వరసలో చివరికి పంపాడు. ముసలామె ఒక్క గింజ దాచుకోలేదు, ఒక్కరికీ తక్కువ పోయలేదు. వాళ్లు వచ్చేసరికి బస్తా ఖాళీ. నర్సు రిమోట్ నొక్కి ఆపింది. నా వైపు చూడలేదు.

"ఆమె కొలత కరెక్టే ఉన్నదమ్మా," అంది. "గందుకే ఎవ్వరు అడుగుతలేరు."

సాయంత్రం ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాను. రోజూ ఒక వాటా చొప్పున వరస జరుపుదాం, ఎప్పుడూ ఒకరే ఆఖరు కాకుండా ఉంటారు అన్నాను. ఈ వేసవికి ఓపిక పట్టమన్నాడు.

"మీరు రాస్తే ఎవరూ నోరెత్తరు మేడమ్. మీ కాగితం లేకపోతే రోజూ గొడవేనండీ."

"అందుకే ఇక రాయనండీ," అన్నాను.

లిఫ్టు పక్కన అంటించిన కాగితం నేనే చింపేశాను. ఆ తర్వాత వాచ్‌మన్ గుర్తున్నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. తమకు తక్కువ వచ్చిందని ఓనర్లకే అనుమానం పుట్టింది. ఎవరి వాల్వు దగ్గర వాళ్లు కాపలా నిలబడ్డారు, ఎండలో తిట్టుకున్నారు. లిఫ్టులో నాతో మాట్లాడటం మానేశారు. చివరికి ప్రెసిడెంటే మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆయనా అలిసిపోయాడు. మీరు చెప్పినట్టే రాయండి అన్నాడు.

అప్పటికే నర్సు తల్లిని ఆటోలో పంపేసింది.

రేపటి వరస నర్సు వాటాతో మొదలవుతుంది. ఆ సంగతి చెప్పి, అమ్మను ఎప్పుడు తెస్తావని అడిగాను.

"వారం దినాలు నీళ్లు రానియ్యి అమ్మా. గప్పుడు చూస్త," అంది.

ఆమె టీవీ పెట్టింది. గోదాంలో ముసలామె ఇంకా కొలుస్తూనే ఉంది.