పడుగు ఆగిన పొద్దు

మా చిన్నప్పుడు... గద్వాలలో మా వీధిలో పొద్దుటి ఎండ మనుషులది కాదు, పడుగులది. తెల్లారగానే నాయన, పక్కింటివాళ్లు కలిసి చీరకు నిలువు పోగులయ్యే ఆ పడుగు నూలును వీధి పొడవునా లాగి కట్టి గంజి పట్టించేవాళ్లు. అది ఆరేదాకా అక్కడ ఎవరూ బట్టలు ఆరేయకూడదు... ఒక్క రంగు చుక్క పడినా నూలు పాడవుతుందని.

నాకున్నది ఒకటే యూనిఫాం. బడి నుంచి రాగానే అమ్మ ఉతికి మగ్గం గదిలో దండెం మీద వేసేది. మగ్గం కింద కాళ్లు పెట్టే గుంట చెమ్మకు అది సరిగ్గా ఆరేదే కాదు. పొద్దున ఆ తడిదే తొడుక్కుని పోయేదాన్ని.

ఏడో తరగతిలో ఒకరోజు, నా పక్కన కూర్చునే సుజాత పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది. "నీ దగ్గర వాసనొస్తుందే" అంది, మెల్లగానే. క్లాసంతా విన్నట్టే అనిపించింది నాకు.

ఇక చూడండి నా తిప్పలు! రెండు పూటలా స్నానం, ఒళ్లు మండేదాకా సబ్బు, మెడ నిండా పౌడరు... అయినా బడికి చేరేసరికి అదే వాసన. చివరికి బడికి పోనని మొండికేశాను.

నాయనను కన్న అవ్వ నా అంగీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఉత్త చెమటకు వాసనేడుంటది బిడ్డా? బట్టలల్ల నిలవుంటే వస్తది. ఎదిగే పిల్లవు, జర ఎక్కువొస్తది, గందుకు సిగ్గేంది? ఒళ్లు బాగనే కడిగినవు. ఈ అంగీనే ఎండ సూడలే" అంది.

నాయన వింటున్నాడని నాకు తెలియదు.

మర్నాడు గంజి కాగింది, పక్కింటివాళ్లు వచ్చి నిలబడ్డారు. నాయన నూలు బయటికి తేలేదు. పడుగు కట్టే కొయ్యలకు తాడు కట్టి నా యూనిఫాం ఆరేశాడు.

"ఏందన్నా, గిదేం పడుగు?" అని పక్కింటి పెద్దాయన నవ్వాడు.

"ఇయ్యాల ఎండ నా బిడ్డది. పడుగు రేపు" అన్నాడు నాయన.

ఇంట్లో చావు జరిగితే తప్ప పడుగు ఆపని మనిషి ఆయన. ఆ గంజంతా బర్రెకు పోశారు. నేను వాకిట్లో నిలబడి ఏడ్చాను... సిగ్గుతో మాత్రం కాదు.

నవ్విన పెద్దాయనే, "రేపటి సంది మా మిద్దె మీద ఏస్కోండ్రి" అన్నాడు. వారం తిరిగేసరికి సుజాత నా పక్కకు వచ్చేసింది.

ఇప్పుడు మా ఫ్లాటులో బట్టలు మెషిన్‌లోనే ఆరిపోతాయి, ఏవో పూల వాసనతో. నాయన లేడు. అయినా రోజూ ఒక్క బట్టయినా బాల్కనీలో ఎండకు వేస్తాను... తీసి తొడుక్కుంటే ఆ వెచ్చదనంలో ఆయన ఉంటాడు.

మీ కోసం ఇంట్లో ఎవరైనా ఒక పూట పని ఆపారా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.