చల్లని చోట లేచిన చెయ్యి

తిరువూరులో వేసవి వచ్చిందంటే వడగాడ్పు కొడుతుంది. ఆ రోజుల్లో నేనూ కొట్టేవాణ్ణి. కూలీని, గేదెను, ఒకసారి నా భార్యను. తరవాత ఎండ తలకెక్కిందనేవాణ్ణి. ఇంట్లోవాళ్లూ అదే నమ్మేవారు.

అందుకే అరకు వైపు కొండల మీద మామిడి తోట కౌలుకు తీసుకున్నప్పుడు నాకు కాపు కన్నా చలి మీదే ఎక్కువ ఆశ. ఏప్రిల్లోనూ దుప్పటి కప్పుకునే చోటు. అక్కడ ఉంటే మనిషినవుతాననుకున్నాను. ముందుగా నా భార్య తమ్ముణ్ణి కాపలాకు పంపాను. మా వైపు రైతులు పాటించేదే వాడికీ చెప్పాను: పూత మీదున్న చెట్టుకు నీళ్లు కడితే పూత రాలుతుంది, పిందె పడేదాకా మోటారు ముట్టుకోవద్దు.

పుష్యమాసంలో ఒక పొద్దున వెళ్లాను. పూత నల్లబడి రాలిపోయింది. వంగి మట్టి తాకితే తడి.

"నీళ్లు కట్టావా?"

"లేదు బావా. ఇక్కడ మంచు..."

"మంచు పాదులు తడుపుద్దంట్రా? నాకే చెప్తున్నావా వ్యవసాయం?"

"ఒక్కసారి పైకి చూడు బావా."

చూడలేదు. ఎడమ చెంప మీద కొట్టాను. పడిపోయాడు. అక్కడున్న రబ్బరు పైపు ముక్క తీసుకుని వీపు మీద, చేతుల మీద, తల మీద కొట్టాను. చెవి పట్టుకుని ముడుచుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా పైపు జారలేదు.

పక్క తోట ముసలాయన పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మోటారు కాలిపోయి నెలైంది బాబూ. ఏ నీళ్లు కడతాడు?"

అప్పుడు తలెత్తాను. ప్రతి ఆకు కొస నుంచీ మంచు బొట్లు బొట్లుగా పాదుల్లోకి కారుతోంది. నేను కోరి వచ్చిన చలే పూతను తినేసింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, "రాళ్ల మీద జారిపడ్డానండి" అన్నాడు వాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. కర్ణభేరి చిరిగిందనీ, ఆ చెవి మళ్లీ వినపడడం అనుమానమేననీ డాక్టరు చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు విస్సన్నపేట దాటాక, "అక్కకి చెప్పమాక బావా, తట్టుకోలేదు" అన్నాడు. ఇంటికి చేరగానే చెప్పాను. ఆ రాత్రి ఆమె తమ్ముడి మంచం పక్కన చాప వేసుకుంది.

ఆ చెవి బాగుపడలేదు. ఇప్పుడు మా ఇంటికొస్తే నా మాట వినపడాలని నన్ను కుడివైపు ఉంచుకుని కూర్చుంటాడు. మంచినీళ్లు ఇద్దామని చెయ్యి చాపితే, గ్లాసు అందుకునే ముందు వాడి తల పక్కకు జరుగుతుంది.