మా హాల్లో తీసిన నవ్వుల సినిమా

ఇప్పుడక్కడ బట్టల కొట్టు ఉంది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్తే చల్లగాలితో పాటు ఏదో సెంటు వాసన మొహానికి కొడుతుంది. మొన్న మనవరాలికి పరికిణీ కొందామని వెళ్ళి, ఆ వాసన పడక, బయటకొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా వయసు వాళ్ళే ఇద్దరు మగవాళ్ళు పక్కన నిలబడి, ఒకప్పుడు అక్కడుండే సినిమా హాలుని తలుచుకుని నిట్టూరుస్తున్నారు. ఎంత బాగుండేదో అంటున్నారు.

బాగుండేది కాదు. కంపు కొట్టేది.

నేల టిక్కెట్టంటే నిజంగా నేలే. ఇసక పోసేవారు. ఆ ఇసకలో తాంబూలం ఉమ్ములు, వేరుశనగ తొక్కలు, చంటిపిల్లల ఉచ్చ, నిప్పు నోట్లోకి పెట్టుకుని ముసలమ్మలు కాల్చే అడ్డపొగ చుట్టల బూడిద అన్నీ కలిసి అరికాళ్ళకి అంటుకునేవి. పైన రేకులు. వేసవిలో ఆ రేకుల కింద మనుషులు ఉడికేవారు, వానాకాలంలో తెర మీద ఎవరేం మాట్లాడుతున్నారో వినబడేది కాదు. బెల్లం కాలంలో మార్కెట్టులో దిమ్మలు మోసిన వాళ్ళు చెమటైనా ఆరకుండా వచ్చి కూర్చుంటే, వాళ్ళ ఒంటికంటిన తీపికి ఈగలు చీకట్లోకి కూడా వెంటబడి వచ్చేవి. బెంచీల్లో నల్లులు. వెనక గోడంతా మూత్రం చారలు. ఇదీ ఆ హాలు. దీని కోసం కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ హాల్లో మా అమ్మ నూకాలు ఆడవాళ్ళ నేల తలుపు దగ్గర పని చేసేది. మగవాళ్ళ నేలకీ మా నేలకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. మా వైపు టిక్కెట్లు చింపడం, జనాన్ని సర్దడం, ఏడ్చే పిల్లల్ని బయట తిప్పి తేవడం, అన్నీ అమ్మే. సర్దేటప్పుడు మా వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడిచేది.

"జరగండే, జరగండి. కాళ్ళు ముడుసుకోండి. సంటిపిల్లలున్నోళ్ళు గోడకాడికెళ్ళండి."

అమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఆట అయిపోయాక ఆడవాళ్ళంతా వీధి మలుపు దాటేదాకా మగవాళ్ళ తలుపు అడ్డగడియ తీసేది కాదు. రెండు గడియలూ ఆవిడ చేతిలోనే ఉండేవి. తొక్కిసలాటలో చేతులెయ్యడాలు, కొంగులు లాగడాలు అంతకు ముందు ఉండేవట. అమ్మ వచ్చాక పోయాయి. పక్కూరు తుమ్మపాల నుంచి నడిచి వచ్చే ఆడవాళ్ళు కూడా ఆ ధైర్యంతోనే వచ్చేవారు. గోడవతల మగవాళ్ళు గొణిగేవారు గానీ ఆగేవారు.

"ఏటి నూకాలప్పా, కోళ్ళలాగ మమ్మల్ని గంపకిందెట్టేవు?"

"ఆళ్ళు ముందెళ్ళి కూడొండకపోతే నువ్వేటి తింటావురా మావా? ఆగు."

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. ఓ నవ్వుల సినిమాలో చిన్న ముక్క తియ్యడానికి మదరాసు నుంచి ఒక కంపెనీ మా హాలుకి వచ్చింది. సినిమా పేరు రాయను. నా కూతురి పలక మీద దిద్దుకుని లేటుగా నేర్చుకున్న అక్షరాలు నావి, వాటిని ఆ పేరు మీద ఖర్చు పెట్టను. అందులో ఒక లావుపాటాయన మామగారి కంటబడకుండా కోక కట్టుకుని ఆడవాళ్ళ నేలలో దాక్కుంటాడు. చుట్టూ ఆడవాళ్ళూ పిల్లలూ తెర చూసి విరగబడి నవ్వుతుంటారు. ఆ లావుపాటాయన మా ఊరు రానే లేదు, ఆయన ముక్క మదరాసులోనే తీసుకున్నారట. మా దగ్గర వాళ్ళకి కావలసింది మా నవ్వు.

పొద్దున్నే మమ్మల్ని కూర్చోబెట్టి తలా ఒక బెల్లం జీడి ముక్క చేతిలో పెట్టారు. కొత్త ఇసక పోశారు. మొహాల మీద పెద్ద దీపాలు పెట్టారు. ఎదురుగా తెర తెల్లగా ఉంది, దాని మీద ఏమీ లేదు.

"తెర మీద కోతి పల్లకీ ఎక్కి ఊరేగుతోందనుకోండి. నవ్వండి," అన్నాడు కంపెనీ మనిషి.

"ఏదీ బాబూ కోతి?" అంది మా వీధి పైడమ్మ. అందరూ తెరంతా వెతికారు. అతను మళ్ళీ చెప్పాడు. మేము మేకల్లాగ అరిచాం గానీ నవ్వు రాలేదు. ఎంతసేపు చేసినా అంతే. అతను వెళ్ళి మేనేజరు గారి చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు అమ్మని పిలిచి, జనాన్ని మళ్ళీ సర్దమన్నాడు.

అమ్మ రోజులాగే మా వైపు తిరిగి, జరగండే అంటూ వెనక్కి నడిచింది. వెనకాల ఇద్దరు కంపెనీ మనుషులు కొబ్బరితాడు అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. మడమ తగిలి అమ్మ వెల్లకిలా పడింది. కోక మోకాళ్ళ పైకి వచ్చేసింది, ముడి ఊడి జుట్టంతా ఇసక. హాలంతా రేకులు అదిరేలా నవ్వింది. సినిమా తీసే మిషను గిరగిరా తిరిగింది.

అమ్మ లేచి కోక సర్దుకుంటుంటే కంపెనీ మనిషి, "చాలా బాగుందమ్మా. ఇంకొక్కసారి పడాలి," అన్నాడు. అమ్మ మేనేజరు వైపు చూసింది. "పడు నూకాలూ, మన హాలు పేరు," అన్నాడు ఆయన. అమ్మ పడింది. రెండోసారీ అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి నడుముకి ఉప్పు కాపడం పెట్టుకుంటూ అడిగింది.

"నువ్వూ నవ్వేవేటే?"

"నేదమ్మా. నాను నవ్వనేదు."

"మా తల్లే," అని తన కంచంలో చేప తల తీసి నా కంచంలో వేసింది. నేను తిన్నాను.

ఆ సంగతి ఊరంతా పాకి, మర్నాటి నుంచే గోడవతల మాట మారింది. "పడు నూకాలప్పా, ఇంకోపాలి పడు." అంతవరకూ ఆగినవాళ్ళు గోడ మీద కూర్చుని కాళ్ళూపడం మొదలెట్టారు. ఒకడు దూకేశాడు కూడా. అమ్మ గడియని రెండు చేతులా పట్టుకుని నిలబడేది, వదిలేది కాదు. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వితే, "మా పిల్ల ఎనిమిదేళ్ళది. అది నవ్వనేదు," అనేది. వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే అనేది.

ఉగాది ముందొచ్చే కొత్తమావాస్య జాతరకి ఆ సినిమా మా హాలుకే వచ్చింది. అమ్మే నాకు తల దువ్వి ముందు వరసలో కూర్చోబెట్టింది, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. లావుపాటాయన కోక కట్టుకుని నక్కాడు. ఆ పక్కనే తెరంతా నిండిపోయి నేను. ముందు పళ్ళు రెండూ లేవు, నోరు చెవుల దాకా తెరుచుకుని ఉంది, కడుపు పట్టుకుని ఊగిపోతున్నాను. "నూకాలు కూతురే," అని నేలంతా అరిచింది. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ తెర వైపే చూస్తోంది.

ఆట అయ్యాక అమ్మ మా తలుపు తీసింది. అక్కణ్ణించి నేరుగా వెళ్ళి మగవాళ్ళ తలుపు కూడా తీసేసింది. ఆ వైపు నుంచి జనం విరుచుకుపడ్డారు. గాజులు పగిలాయి, ఎవరి పిల్లో కింద పడి ఏడ్చింది. అమ్మ చేతిలో గడియతో గోడకి ఆనుకుని ఊరికే ఉంది. ఇంటికి నడుస్తుంటే ఒక్క మాటే అంది.

"బాగా నవ్వేవే."

మర్నాటి నుంచి బెల్లం మార్కెట్టులో పనికి పోయింది. తుమ్మపాల వాళ్ళు హాలుకి రావడం మానేశారు.

మొన్న ఆ బట్టల కొట్టు మెట్ల దగ్గర, నిట్టూర్చిన ఇద్దరిలో ఒకాయన ఆ సినిమా ముక్క ఉన్న ఫోను నా ముందు పెట్టాడు. "సూడప్పా, మన హాలే ఇది. ఈ పిల్లని సూడు. ఇలాటి కల్మషం లేని నవ్వులు ఇప్పుడేవి?"

అందరూ ఆ పిల్లని ముద్దొస్తోందంటారు. నాకు డోకొస్తుంది. అది అమ్మ మొదటిసారి పడ్డప్పటి నవ్వో, అడిగి పడేయించినప్పటి నవ్వో నాకే తెలీదు.

"ఆ పిల్ల నవ్వుతున్నది ఆళ్ళమ్మ మీద," అన్నాను.

ఆయన నన్నోసారి చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇసకా, రేకులూ, ఆడవాళ్ళు ముందెళ్ళే కట్టూ అన్నీ పోయాయి. ఆ సినిమా మాత్రం ఉంది. అందులో హాలుంది, తలుపుంది, పైడమ్మ ఉంది, నేనున్నాను. అమ్మ కోసం ఎన్నిసార్లు వెతికానో. ఎక్కడా లేదు.